భూగర్భ జలం మీద జియాలజీ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ కలిపి సొంతంగా డిగ్రీ కూర్చుకోవచ్చా?

బోరింగు_నీళ్లు

అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల వేదిక) వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. మాది నల్గొండ వైపు, ఫ్లోరైడ్ ఊళ్లు. నేను చదవాలనుకుంటున్నది ఒక సబ్జెక్టు పేరుతో దొరకడం లేదు. భూగర్భ జలం ఎందుకు పడిపోతోంది, ఎందుకు పాడవుతోంది, బోర్ల మీద రైతు పెట్టే డబ్బు ఏమవుతోంది అన్నది తెలుసుకోవాలి. దానికి జియాలజీ కావాలి, స్టాటిస్టిక్స్ కావాలి, ఎకనామిక్స్ కావాలి, మ్యాపులు గీయడం రావాలి. ఇంట్లో బీటెక్ సివిల్ చేరమంటున్నారు గానీ, సిలబస్ తిరగేస్తే అందులో భూగర్భ జలానికి దక్కింది చాలా కొంచెం.

కొత్త విద్యా విధానం వచ్చాక ఎవరి డిగ్రీ వాళ్లే కూర్చుకోవచ్చని, క్రెడిట్లు ఎక్కడివైనా బ్యాంకులో వేసుకోవచ్చని అంటున్నారు. నిజంగా ఎంతవరకు కుదురుతుంది? స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సులు లెక్కలోకి వస్తాయా? ఇలా కలగాపులగంగా చదివితే రేపు పీజీకి, ఉద్యోగానికి అడ్డం పడుతుందా? అమెరికాలో ఉన్న మా బంధువు ఒకాయన అక్కడైతే మేజర్ మనమే రాసి ఇవ్వొచ్చని చెప్పారు. అదీ తెలిసినవాళ్లు చెప్పండి.

క్రెడిట్ల_చిట్టా

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో "నా డిగ్రీ నేనే గీసుకుంటాను" అని అర్జీ పెట్టుకునే పద్ధతి లేదండీ. అయినా ఖాళీ జాగా ఉంది. అది ఎక్కడ, ఎంత అన్నది చూద్దాం.

యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సుల క్రెడిట్ చట్రం విడుదల చేసింది. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. అందులో మేజర్ 60, మైనర్ 24, వేరే రంగాల నుంచి తీసుకునే మల్టీడిసిప్లినరీ కోర్సులు 9, భాషలు 8, నైపుణ్య కోర్సులు 9, విలువల కోర్సులు 6 నుంచి 8, వేసవి ఇంటర్న్‌షిప్ 2 నుంచి 4. నాలుగో ఏడు కూడా చదివితే మొత్తం 160: మేజర్ 80కి, మైనర్ 32కి పెరుగుతాయి, పరిశోధన ప్రాజెక్టుకు 12 వస్తాయి.

ఇందులో మేజర్, భాషలు, విలువల కోర్సులు మీ చేతిలో లేవు. మైనర్ 24, మల్టీడిసిప్లినరీ 9, నైపుణ్యం 9, ఇంటర్న్‌షిప్ 4 కూడితే 46. మూడేళ్లలో మీ సమస్య చుట్టూ తిప్పుకోగలిగింది ఈ 46 మాత్రమే. నాలుగేళ్లకైతే మైనర్ 32, ప్రాజెక్టు 12 కలిసి 66 అవుతాయి. అంటే 160లో దాదాపు ఐదింట రెండు వంతులు. చాలామంది ఈ ముక్కలను టైమ్‌టేబుల్ ఖాళీని బట్టి, తేలిగ్గా మార్కులు పడతాయన్న మాటను బట్టి ఎంచుకుని చెల్లాచెదురు చేసుకుంటారు. అన్నీ ఒకే ప్రశ్న వైపు తిప్పితే డిగ్రీ మీద పేరు ఏదున్నా లోపల చదివింది మీది అవుతుంది.

రెండు చోట్ల కాలు జారుతుంది. మల్టీడిసిప్లినరీ 9 క్రెడిట్లలో ఇంటర్‌లో చదివేసినదాన్నే మళ్లీ తీసుకోనివ్వరు. ఎంపీసీ వాళ్లు అక్కడ ఫిజిక్స్, కెమిస్ట్రీ పెట్టుకుందాం అనుకుంటే కుదరదు. రెండోది డబుల్ మేజర్ ఆశ. రెండో మేజర్‌గా రాయాలంటే మొత్తం క్రెడిట్లలో 40 శాతం ఆ సబ్జెక్టులో ఉండాలి, అంటే 120లో 48. మైనర్, నైపుణ్యం, మల్టీడిసిప్లినరీ మూడూ పూర్తిగా దానికే ధారపోసినా 42 దగ్గర ఆగుతుంది. ఇంకో 6 పైన చదవాల్సిందే. మూడు సబ్జెక్టులు కావాలనుకునే మీకు ఇది పనికొచ్చే దారి కాదు.

మీరన్న క్రెడిట్ల బ్యాంకు, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ సంగతి. 2021 నిబంధనల ప్రకారం, డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. మిగతా సగం బయటివి కావొచ్చు అనేది గరిష్ఠ హద్దు. మీ కాలేజీ అంతా ఒప్పుకుంటుందని దానర్థం కాదు. జమైన క్రెడిట్ ఏడేళ్ల వరకు చెల్లుతుంది. డిజీలాకర్‌తో ఖాతా తెరవొచ్చు, పది నిమిషాల పని. కానీ ఆధార్‌లో ఇంటిపేరు ముందు, టెన్త్ మెమోలో వెనక ఉంటే క్రెడిట్లు జమ కాకుండా వేలాడతాయి. చేరకముందే అన్నిచోట్లా పేరు ఒకేలా చేయించుకోండి.

ఇంకో మాట. ఇదంతా యూజీసీ నమూనా, యూనివర్సిటీలు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుంటాయి. ఆంధ్రలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. తెలంగాణలో మూడు సబ్జెక్టుల కాంబినేషన్ అలవాటు ఇంకా బలంగా ఉంది, దోస్త్‌లో బకెట్ల (సబ్జెక్టుల జాబితాల) నుంచి ఏరుకునే వీలూ ఉంది. పాత పద్ధతి అని తీసిపారేయకండి. మీలాంటి వాళ్లకు మూడు సబ్జెక్టులు సరిసమానంగా నడిచే కాంబినేషన్ మేజర్-మైనర్ కన్నా మేలు చేయొచ్చు.

హాల్‌టికెట్_భద్రం

పైన చెప్పిన లెక్క సరే. నేను ఇంకో కొసనుంచి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి చదువు దెబ్బతినేది చదివేటప్పుడు కాదు, మూడేళ్ల తర్వాత అర్హతల పేజీ దగ్గర.

గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. అక్కడ మీ కూర్పు ఎవరికీ పట్టదు. సబ్జెక్టు పేరు అడిగే చోటే చిక్కు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా అందులో పీజీ ఉండాలి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్ పీజీ. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ జాబితాలో జియాలజీ, స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి, ఎకనామిక్స్ లేదు. కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజిస్టు కావాలంటే జియాలజీ, అప్లైడ్ జియాలజీ, హైడ్రోజియాలజీ లాంటి పేరున్న పీజీ కావాలి. మెమోలో "జల వనరులు, సమాజం" అని అందమైన పేరు ఉంటే స్క్రూటినీలో కూర్చున్న గుమాస్తా దాన్ని జియాలజీ కింద లెక్కేయడు. ఆయన చూసేది పేరే. సిలబస్ తీసి చదవడు.

బీఈడీ ఆలోచన ఏ మూలనైనా ఉంటే అక్కడా ఇదే. మెథడాలజీ ఏది ఇవ్వాలన్నది డిగ్రీలో చదివిన సబ్జెక్టును బట్టి ఉంటుంది. జూనియర్ లెక్చరర్‌కు అదే సబ్జెక్టులో పీజీ.

కాబట్టి ఎంచుకునేటప్పుడు ఒక సూత్రం పెట్టుకోండి. తర్వాత పీజీలో తలుపు తెరిచి ఉండే సబ్జెక్టును డిగ్రీలో మైనర్‌గా పెట్టొచ్చు. డిగ్రీలో లేకపోతే పీజీ తలుపు మూసుకుపోయే సబ్జెక్టును ఇప్పుడే ప్రధానంగా తీసుకోవాలి. సీపీగెట్‌లో (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) ఆర్ట్స్, సోషల్ సైన్స్ పీజీలకు చాలావాటికి ఏ డిగ్రీ వాళ్లైనా రాయొచ్చు, సైన్స్ పీజీలకు ఆ సబ్జెక్టు డిగ్రీలో ఉండాలి. ఎకనామిక్స్‌లోకి స్టాటిస్టిక్స్ వాళ్లు వెళ్లగలరు, జియాలజీలోకి ఎకనామిక్స్ వాళ్లు వెళ్లలేరు.

ఎనిమిదో_వారం

స్వయం గురించి అడిగారు కదా, వివరంగా రాస్తాను. ఇక్కడ తెలియక పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో నడిచే కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయొచ్చు. అంతకుముందు ఇది 20 శాతం. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు అనుకుంటే 8 దాకా. ఎన్‌పీటీఈఎల్‌లో (స్వయంలో ఐఐటీలు నడిపే కోర్సులు) మామూలుగా 12 వారాల కోర్సు 3 క్రెడిట్లు, 8 వారాలది 2, 4 వారాలది 1. అంటే సెమిస్టర్‌కు రెండు పెద్ద కోర్సులు, మహా అయితే పక్కన ఒక చిన్నది.

కోర్సులో చేరడం ఉచితం. పరీక్షకు విడిగా రిజిస్టర్ అయి ఫీజు కట్టాలి, ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సుకు 1000 రూపాయలు. చాలామంది చేరిపోయాం కదా అనుకుని పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటేస్తారు. వీడియోలన్నీ చూసినా, అసైన్‌మెంట్లన్నీ పెట్టినా పరీక్ష రాయకపోతే సర్టిఫికెట్ లేదు, క్రెడిట్ లేదు. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, కేంద్రానికి వెళ్లాలి.

మార్కులు: అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. 12 వారాల కోర్సులో మంచి మార్కులు వచ్చిన 8 అసైన్‌మెంట్లు, 8 వారాల కోర్సులో 6 లెక్కిస్తారు. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్లలో 24 వచ్చి పరీక్షలో 28 వస్తే మొత్తం 52 అయినా ఫెయిలే. ఎన్‌పీటీఈఎల్ కాకుండా స్వయంలో ఉండే మిగతా కోర్సుల్లో లోపలి మార్కులు 30, పరీక్ష 70. రెండింటిలోనూ 40 శాతం తెచ్చుకోవాలి.

ఇక క్రెడిట్ బదిలీ. కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ పట్టుకుని కాలేజీకి వెళితే "మంచిది బాబూ" అని ఫైల్లో పెడతారు, అంతే. క్రమం తిరగబడాలి. సెమిస్టర్ మొదలయ్యే ముందే కోర్సు పేరు, కోడ్, వారాలు, క్రెడిట్లు, అది మీ సిలబస్‌లో ఏ పేపరుకు బదులో రాసి విభాగాధిపతికి ఇవ్వాలి. అది అకడమిక్ కౌన్సిల్ లేదా బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒప్పుకున్న జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. అటానమస్ (సిలబస్, పరీక్షలు తానే చూసుకునే) కాలేజీ అయితే ఈ జాబితా కాలేజీలోనే తయారవుతుంది, అడిగితే చేర్చే అవకాశం ఉంటుంది. మామూలు అఫిలియేటెడ్ కాలేజీ అయితే నిర్ణయం యూనివర్సిటీది, ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టినా చెల్లదు. కోర్సులు కూర్చుకోవాలనుకునేవాళ్లు అటానమస్ కాలేజీ వెతుక్కోవాలనడానికి అసలు కారణం ఇదే. క్యాంపస్, హాస్టల్ తర్వాత చూసుకోవచ్చు.

మరో చిక్కు తేదీలది. జనవరి బ్యాచ్ పరీక్షలు ఏప్రిల్, మే ప్రాంతంలో ఉంటాయి, ఫలితాలు ఆ తర్వాత వస్తాయి. కాలేజీ మెమోలు అప్పటికే అచ్చైపోతే ఆ పేపరు దగ్గర గీత కనిపిస్తుంది. ఆఖరి సెమిస్టర్‌లో స్వయం కోర్సును తప్పనిసరి పేపరుకు బదులుగా పెట్టుకోవద్దు. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో పూర్తి చేసేయండి.

బోరింగు_నీళ్లు

చాలా థ్యాంక్స్ అండీ. హాల్‌టికెట్ గారు చెప్పిన సూత్రం ప్రకారం జియాలజీ, స్టాటిస్టిక్స్ రెండూ మూసుకుపోయే తలుపులే కదా. ఏది ప్రధానంగా పెట్టుకోవాలి? జియాలజీ ఉన్న కాలేజీలు మాకు దగ్గర్లో కనబడటం లేదు.

రాతిపొర

జియాలజీ దొరికితే జియాలజీ. ఎందుకంటే మీ ప్రశ్నకు వేళ్లు రాతిలో ఉన్నాయి. నల్గొండ ఫ్లోరైడ్ ఎవరో కలిపిన కాలుష్యం కాదు. గ్రానైట్ జాతి రాళ్లలో ఉండే ఫ్లోరైడ్ ఖనిజాలు మెల్లగా కరిగి నీళ్లలోకి దిగుతాయి. నీరు రాయితో ఎంత ఎక్కువ కాలం తాకి ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. అందుకే "బోరు ఇంకా లోతుకు దింపితే మంచి నీళ్లు పడతాయి" అన్న నమ్మకం చాలా చోట్ల బెడిసికొడుతుంది. తాగే నీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 1.0 మిల్లీగ్రాము మించకూడదంటుంది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఊరుకుంటుంది.

ఇప్పుడు ఇదే ప్రశ్నను ఎకనామిక్స్ వైపు నుంచి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ. నీరు తోడటానికి పైసా ఖర్చు లేకపోతే రైతుకు మిగిలే ఖర్చంతా బోరు వేయడంలోనే ఉంటుంది. అది ఎక్కువగా అప్పు. బోరు ఎండితే ఇంకా లోతుకు, ఇంకో అప్పుకు. రాతి గుణం తెలియని ఎకనామిస్టు ఇక్కడ సగమే చూస్తాడు, కరెంటు సంగతి పట్టని జియాలజిస్టు మిగతా సగం చూస్తాడు. మూడు సబ్జెక్టులు ఎందుకు అని రేపు ఇంటర్వ్యూలో అడిగితే ఈ మాదిరి వివరణ ఇవ్వగలగాలి. "నాకు అన్నీ ఇష్టం" అనే జవాబు పనిచేయదు.

జియాలజీ అందుబాటులో లేకపోతే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఉన్న కాంబినేషన్ తీసుకుని భూశాస్త్రం స్వయం నుంచి తెచ్చుకోండి. కానీ ఒకటి తెలుసుకునే తీసుకోండి: అప్పుడు హైడ్రోజియాలజిస్టు ఉద్యోగాల దారి మూసుకుపోయినట్టే. నీటి డేటా, విధానాల వైపు దారి ఉంటుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో నీటి విధానం, పాలన మీద పీజీ ఉంది. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో పీజీ డిప్లొమా ఉంది.

నైపుణ్య క్రెడిట్లు 9 అన్నారు కదా, అవి మ్యాపుల పనికి కేటాయించండి. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. దానికి తోడు ప్రోగ్రామింగ్‌కు పైథాన్ గానీ ఆర్ గానీ, రెండింట్లో ఒకటి చాలు. ప్రాజెక్టుకు డేటా కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలక బావుల్లో నీటిమట్టం ఏడాదికి నాలుగు సార్లు కొలుస్తుంది: జనవరి, వానలకు ముందు, ఆగస్టు, నవంబరు. నీటి మట్టాలు ఇండియా-వ్రిస్ పోర్టల్‌లో దొరుకుతాయి. ఆంధ్ర వైపు ఊళ్లు పోల్చాలనుకుంటే ఆ రాష్ట్ర జల వనరుల సమాచార పోర్టల్ కూడా ఉంది.

డేటాతో వచ్చే తలనొప్పి కూడా చెప్పాలి. బావి ఎండిపోయిన చోట గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలు తీసేసి సగటు కడితే నీటిమట్టం బాగుపడినట్టు కనిపిస్తుంది. ఎండిన బావులే లెక్కలోంచి పోయాయి మరి! ఒక బావిని మూసేసి పక్కన ఇంకోటి మొదలుపెడితే గ్రాఫ్‌లో ఉన్నట్టుండి దూకుడు కనిపిస్తుంది, దాన్ని వాన ప్రభావం అనుకోకూడదు. స్టాటిస్టిక్స్ విడిగా చదువుకోవాల్సింది ఇందుకే. ఒక మండలం, పదేళ్ల నీటిమట్టం, అదే కాలపు వానపాతం తీసుకుంటే డిగ్రీ స్థాయి ప్రాజెక్టుకు సరిపోతుంది. జిల్లా మొత్తం మీద వేసుకుంటే బావుల జాబితా సరిచేయడంతోనే సెమిస్టర్ గడిచిపోతుంది.

క్రెడిట్ల_చిట్టా

రాతిపొర గారి మాటకు రెండు చేర్పులు.

నాలుగో ఏడు గురించి తొందరపడి తేల్చుకోవద్దు. పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. లేకపోతే ప్రాజెక్టుకు బదులు 12 క్రెడిట్ల కోర్సులు రాసి మామూలు ఆనర్స్ తీసుకోవాలి. మీలాంటి కూర్పుకు ఆ 12 క్రెడిట్ల ప్రాజెక్టే గుండెకాయ, అది లేకపోతే నాలుగో ఏడు విలువ బాగా తగ్గుతుంది. నాలుగేళ్లు 75 శాతంతో పూర్తి చేసినవాళ్లకు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంది, పీజీ చేస్తే ఏడాదిలో ముగించే వీలూ ఉంది. కానీ పైన చెప్పిన హైడ్రోజియాలజిస్టు ఉద్యోగాలకు పీజీ పట్టా అడుగుతారు, నాలుగేళ్ల డిగ్రీ దానికి బదులు కాదు. ఇంకోటి, మీ కాలేజీలో ఆ సబ్జెక్టుకు నాలుగో ఏడు నడుస్తుందా, గైడ్ చేయడానికి పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులు ఉన్నారా అన్నది ఇప్పుడే కనుక్కోండి.

రెండో డిగ్రీ దారి కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు ప్రోగ్రాములు చదవడానికి అనుమతిచ్చింది. కాలేజీ డిగ్రీ పక్కన దూరవిద్యలో ఇంకోటి చేయొచ్చు. ఇగ్నోలో వాటర్‌షెడ్ మేనేజ్‌మెంట్ డిప్లొమా ఉంది, మీ ప్రశ్నకు అచ్చంగా అతుకుతుంది. అయితే ఆ క్రెడిట్లు కాలేజీ మెమోలోకి దూకి రావు, అది వేరే పట్టాగానే ఉంటుంది. ఇగ్నో టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్, డిసెంబరుల్లో పడతాయి, కాలేజీ సెమిస్టర్ పరీక్షలతో ఢీకొనే నెలలవే. మొదటి ఏడాది వద్దు, మూడో సెమిస్టర్‌లో పెట్టుకోండి.

మధ్యలో మానేసి మళ్లీ చేరే వెసులుబాటును ప్రణాళికలో భాగం చేసుకోకండి. ఏడాది చదివి 40 క్రెడిట్లతో బయటికి రావాలంటే వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు అదనంగా చేస్తేనే సర్టిఫికెట్. తర్వాత మూడేళ్లలోపు తిరిగి చేరాలి, మొత్తం ఏడేళ్లలో ముగించాలి. తిరిగి వచ్చేసరికి సిలబస్ మారితే తేడా పేపర్లు నెత్తిన పడతాయి. అది ఆపదలో వాడుకోవాల్సిన వసతి.

డెంటన్_అక్క

తమ్ముడూ, మీ బంధువు చెప్పింది నిజమే. ఇక్కడ ఇండివిడ్యువలైజ్డ్ మేజర్ అనే పద్ధతి చాలా యూనివర్సిటీల్లో ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీలో గలాటిన్ స్కూల్ మొత్తం దీనికోసమే. యూమాస్ ఆమ్‌హెర్స్ట్‌లో బీడీఐసీ, ఇండియానా యూనివర్సిటీలో ఐఎంపీ ఉన్నాయి. బ్రౌన్ యూనివర్సిటీలో 1969 నుంచి ఓపెన్ కరిక్యులమ్, అంటే అందరికీ తప్పనిసరి ఉమ్మడి కోర్సులు ఉండవు.

పని ఇలా నడుస్తుంది. మొదటి ఏడాది మామూలు కోర్సులు. తర్వాత ఒక ప్రొఫెసర్‌ను స్పాన్సర్‌గా ఒప్పించి ప్రతిపాదన రాయాలి: ప్రశ్న ఏమిటి, ఉన్న మేజర్లలో ఏదీ ఎందుకు సరిపోదు, ఏ కోర్సులు ఏ వరుసలో. కమిటీ ఎక్కువగా తిప్పికొట్టేది రెండు కారణాల మీద. ఒకటి, "ఇది ఫలానా మేజర్, ఫలానా మైనర్ తీసుకుంటే వచ్చేస్తుంది కదా" అన్నది. రెండు, జాబితాలో పైస్థాయి కోర్సులు చాలక అంతా పరిచయ కోర్సులే ఉండటం. గలాటిన్‌లో చివర్లో ముగ్గురు అధ్యాపకుల ముందు కలోక్వియం ఉంటుంది. చదివిన పుస్తకాల్లో ఇరవై పైచిలుకు ఎంచి, వాటి మీద రాసిన వ్యాసంతో రెండు గంటలు మాట్లాడాలి.

కానీ ఇండియా నుంచి ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చేవాళ్లు ముందు అడగాల్సింది సీఐపీ కోడ్. ప్రతి మేజర్‌కు ప్రభుత్వ వర్గీకరణలో ఒక అంకె ఉంటుంది, అది యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కనిపిస్తుంది. చదువయ్యాక పని చేయడానికి ఓపీటీ 12 నెలలు అందరికీ ఉంటుంది. ఇంకో 24 నెలల పొడిగింపు మాత్రం కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటేనే. లిబరల్ ఆర్ట్స్ 24.0101 అందులో లేదు. డేటా సైన్స్ 30.7001, మ్యాథ్స్-కంప్యూటర్ సైన్స్ 30.0801 ఉన్నాయి. సొంతంగా రాసుకున్న మేజర్‌కు యూనివర్సిటీ సాధారణంగా ఏదో ఒక గంపగుత్త కోడ్ వేస్తుంది. మీరు నేర్చుకున్నదంతా హైడ్రాలజీ, స్టాటిస్టిక్స్ అయినా ఆ 24 నెలలు పోతాయి. హెచ్-1బీ ఉద్యోగ వీసాకీ అదే బాధ: ఉద్యోగానికి, డిగ్రీకి నేరుగా సంబంధం చూపించాలి, ప్రత్యేక శాఖ లేని సాధారణ డిగ్రీ సరిపోదు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఈ బెడద లేదు, వాళ్లు హాయిగా రాసుకోవచ్చు. మన దగ్గర నుంచి వచ్చేవాళ్లు తెలిసిన పేరున్న మేజర్ తీసుకుని మిగతావి మైనర్లుగా పెట్టుకోవడమే తెలివైన పని. డిగ్రీకి ఇంత ఖర్చు పెట్టడం కన్నా, అక్కడ డిగ్రీ చేసి పీజీకి రావడం నయం.

ఎనిమిదో_వారం

హైదరాబాద్‌లోనే ఉన్నవి కూడా చెప్పాలి కదా. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటింగ్‌ను మానవ శాస్త్రాలతో, ప్రకృతి శాస్త్రాలతో కలిపే ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీలున్నాయి, బీటెక్‌తో పాటు పరిశోధన ద్వారా ఎంఎస్. వాటికి యూజీఈఈ అనే సొంత పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ పీజీలకు సీయూఈటీ (కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. హైదరాబాద్ బయట, ఆంధ్రలోని శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ సైన్సు, ఆర్ట్స్ కలిపి నడుపుతుంది, మేజర్ తర్వాత తేల్చుకోవచ్చు, అయితే ప్రైవేటు ఫీజులు. వీటిలో వేటికైనా దరఖాస్తు గడువులు దోస్త్ మొదలయ్యేలోపే దాటిపోతుంటాయి. ఈసారికి కుదరకపోతే, వీటికోసం ఏడాది ఖాళీగా కూర్చోవడం మాత్రం నేను ఒప్పుకోను.

బోరింగు_నీళ్లు

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను. దోస్త్‌లో మొదట జియాలజీ ఉన్న కాంబినేషన్లు, అటానమస్ కాలేజీలు పైన పెడతా. తర్వాత మ్యాథ్స్-స్టాటిస్టిక్స్. ఎకనామిక్స్ స్వయంలో మూడు, నాలుగు సెమిస్టర్లలో. నైపుణ్య కోర్సులు మ్యాపులకు. ఇగ్నో డిప్లొమా రెండో ఏడు. ఏమైనా తప్పుందా?

హాల్‌టికెట్_భద్రం

వరుస బాగుంది. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు ఇంకో పని. కాలేజీ వెబ్‌సైట్‌లో కనిపించే కాంబినేషన్ అంతా నడుస్తుందనుకోవద్దు. చేరినవాళ్లు చాలకపోతే ఆ కోర్సు ఎత్తేసి పిల్లల్ని పక్క కాంబినేషన్‌లోకి సర్దుతారు, జియాలజీ లాంటి వాటికి ఈ ప్రమాదం ఎక్కువ. కాలేజీకి వెళ్లి పోయిన రెండేళ్లలో ఆ కాంబినేషన్‌లో ఎంతమంది చేరారు, రెగ్యులర్ అధ్యాపకులు ఎవరున్నారు, ల్యాబ్‌లో రాళ్ల నమూనాలు, మైక్రోస్కోపులు ఉన్నాయా అని అడగండి. తప్పు కాంబినేషన్ పడితే దోస్త్‌లో చివర్న ఇంట్రా కాలేజ్ దశ ఉంటుంది, అదే కాలేజీలో కోర్సు మార్చుకోవచ్చు. అందుకే జియాలజీ, స్టాటిస్టిక్స్ రెండూ ఉన్న కాలేజీ దొరికితే దాన్నే పైన పెట్టండి.

ఎకనామిక్స్ స్వయంలో చేస్తే అది ఏ పేపరుకు బదులో రాయించుకోవడం మరిచిపోకండి. రాతపూర్వకంగా, తేదీ, స్టాంపు వేయించి. విభాగాధిపతి బదిలీ అయిపోతే నోటి మాటకు సాక్ష్యం ఉండదు.

రాతిపొర

ల్యాబ్ మాట వచ్చింది కాబట్టి: రాళ్ల నమూనాలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటే కాదు, బల్ల మీద పిల్లల చేతుల్లో ఉన్నాయేమో చూడండి. ఫీల్డ్ ట్రిప్ ఏటా వెళ్తున్నారా అని సీనియర్లను అడగండి, ఆఫీసులో అడిగితే అందరూ వెళ్తున్నామనే అంటారు.